గయ్యాళి అన్న పేరే మేలనుకున్నాను

మొన్న తిరుపతిలో మందుల షాపు దగ్గర నిలబడి ఉంటే, నా పక్కనున్న ఒకావిడ కూతురికి ఫిట్స్ మాత్రలు తీసుకుంటూ, ఈ మందు మొదలుపెట్టినప్పటి నుంచి పిల్ల ఊరికే ఏడుస్తోందనీ, అయినదానికీ కానిదానికీ విసుక్కుంటోందనీ, డాక్టరుకు చెప్పాలా అనీ నలుగురూ వింటుండగా మామూలుగా అడిగింది. ఆమెకేమీ అనిపించలేదు గానీ నా తలే వంగిపోయింది. నా ఈడు వాళ్ళకు తెలుసు, ఆ రోజుల్లో ఆ జబ్బు పేరు ఇంట్లో కూడా గొంతు తగ్గించి పలికేవాళ్ళం.

డెబ్భైల చివర్లో, తిరుచానూరులో నేను పదో తరగతి చదువుతుండగా నాకు మూర్ఛలు మొదలయ్యాయి. నాయనది పూల వ్యాపారం. మా వసారా నిండా ఎప్పుడూ తడిగోనెల మీద కనకాంబరాలూ మల్లెలూ, వాటి చుట్టూ కూర్చుని మాలలు కట్టే ఆడవాళ్ళూ. వాళ్ళలో ఒక్కరికి తెలిసినా నాకు పెళ్ళి కాదని అమ్మ భయం. చిత్తూరు డాక్టరు రాసిచ్చిన మాత్రలు బలానికని అందరికీ చెప్పేది. మూర్ఛలైతే ఆగాయి గానీ, నేను మారిపోయాను. లేస్తూనే ఏదో పోగొట్టుకున్నట్టు దిగులు, ఎవరు పలకరించినా ఒళ్ళు మండిపోయేంత కోపం. కట్టిన మాలలు తెంచి పారేసి, ఆ తర్వాత పెరట్లో కూర్చుని ఎందుకో తెలియకుండానే ఏడ్చేదాన్ని. నాయన పొగరన్నాడు, అమ్మ దిష్టి తీసింది, పూలు కట్టేవాళ్ళు గయ్యాళి అని పేరు పెట్టారు.

నా నోటికి ఎక్కువగా బలైంది మా వదిన. పుత్తూరు నుంచి కోడలుగా వచ్చి నాలుగేళ్ళయినా ఆమెకు పిల్లలు కలగలేదు. అమ్మవారి పంచమి తీర్థానికి వచ్చిన బంధువులంతా పంక్తిలో కూర్చున్నప్పుడు, సాంబారు నా విస్తరి పక్కన చింది పడిందని ఆమెను "గొడ్రాలా" అని తిట్టాను. తింటున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఆమె చెంగుతో నేల తుడిచి, ఏమీ జరగనట్టే పక్క విస్తరికి వడ్డించింది.

ఆ వారంలోనే అన్నను ఒప్పించి, నన్ను వెంటబెట్టుకుని వేలూరు ఆసుపత్రికి బస్సెక్కింది ఆ వదినే. డాక్టరు చేత తిట్టించడానికేమో అనుకున్నాను. ఆయన ముందు మాత్రం, "ఈ మాత్తర్లు మింగకముందు ఈ పాప ఇట్లా లేదు సార్. నేను సూసినాను కదా, నా కొంగు పట్టుకునే తిరగతా ఉండె. ఏందో ఆ మందులోనే ఉండాది," అంది. ఆయన అంతా విని, కొందరికి ఆ మందు దిగులూ కోపమూ తెస్తుందనీ, ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికి వస్తుందనీ చెప్పి, దాన్ని మెల్లగా తగ్గిస్తూ వేరే మందు అలవాటు చేశాడు. కొన్ని నెలలకు నా మనసు నా చేతికి వచ్చింది.

అప్పుడు వదిన కాళ్ళు పట్టుకోబోయాను. "ఊరుకో మే, ఆ మాట అనింది నువ్వు కాదులే," అంది గానీ, నా మొహంలోకి చూడలేదు. మందు వల్లే అలా అయిందని బంధువులకు చెబుతానంది, నాకున్న చెడ్డపేరు పోవాలని. నేనే వద్దన్నాను. మందు సంగతి చెబితే జబ్బు సంగతీ బయటపడుతుంది కదా. రోగిష్టిది అనిపించుకోవడం కంటే గయ్యాళి అనిపించుకోవడమే మేలనుకున్నాను. అలా నా గుట్టు కోసం ఆమె అవమానం అలాగే ఉండిపోయింది.

జబ్బును జబ్బుగా చెప్పుకునే కాలం వచ్చేసరికి వదిన లేదు. ఆ పంక్తిలో కూర్చున్నవాళ్ళలో మిగిలిన ఒకరిద్దరికైనా నిజం చెబుదామని వెళితే, ఆ భోజనాలూ ఆ మాటా వాళ్ళకు గుర్తే లేవు. ఇప్పుడది నాకొక్కదానికే గుర్తు.