సత్తయ్య మామ సరిచేసిన బొమ్మ

2023 చలికాలం. ఇల్లందు దాటి అడవి వైపు పోయే రోడ్డు మీద, ఇళ్లు అయిపోయి టేకు చెట్లు మొదలయ్యే చోట నా సిరామిక్ స్టూడియో ఉంది. స్టూడియో అన్నానని పెద్దగా ఊహించుకోకండి. ఒక రేకుల షెడ్డు, ఒక గ్యాస్ బట్టీ, రెండు బల్లలు, గోడ పొడవునా చేతులు, మెడలు, వీపులు. మనుషుల ఒంటికి అచ్చు తీసి, దాంట్లో మట్టి అదిమి కాల్చడం నా పని. బొగ్గు బాయిలో వేలు పోయిన చెయ్యి, విరిగి వంకరగా అతుక్కున్న మోచెయ్యి, కాన్పు తర్వాత జారిన పొట్ట. ఏ లోపమూ లేని ఒళ్లంటే నాకు నిద్ర వస్తుంది.

ఒకసారి షెడ్డు ముందు బస్సు ఆగితే కండక్టర్ లోపలికి తొంగిచూసి, "ఏందమ్మా ఇది, పోలీసు కేసా?" అన్నాడు. "కాదు, నీ బస్సుల టికెట్ తీసుకోనోళ్లు," అన్నాను. తర్వాత ఆ బస్సు అక్కడ ఆగినట్టు నేను చూడలేదు. నా మాటల్లో సగం తీసేసి వినాలని మా ఊళ్లో అంటారు. అడవిలోంచి ఎలుగుబంటి వచ్చి నా బట్టీ దగ్గర చలి కాచుకుందని చెప్పినప్పటి నుంచి ఆ పేరు వచ్చింది. ఎలుగుబంటి వచ్చిన మాట నిజం. చలి కాచుకుందో లేదో నేను అడగలేదు. ఇప్పుడు చెప్పే దాంట్లో మాత్రం మీరు ఏమీ తీసేయనక్కరలేదు.

నాతో పనిచేసే సత్తయ్య మామ కుమ్మరి. మట్టి తొక్కడం, బొమ్మలు ఆరబెట్టడం, బట్టీలో పేర్చడం ఆయన చూసుకుంటాడు. నా మీద ఆయనకున్న ఫిర్యాదు ఒక్కటే. "వంకర కుండ చేస్తే మా అయ్య చెక్క తీసుకొని నెత్తి మీద కొట్టేటోడు. నువ్వు వంకర్లే అమ్ముతున్నవు గద బిడ్డా!"

ఆ చలికాలంలోనే ఒక మధ్యాహ్నం షమీమ్ వచ్చింది. ఊళ్లో జాకెట్లు కుట్టే మనిషి. నా జాకెట్లు కూడా ఆమే కుడుతుంది. మామ భోజనానికి వెళ్లేదాకా ఊరికే అవీ ఇవీ మాట్లాడి, అప్పుడు తలుపు వేసింది.

"అక్కా, నాకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. ఎడమ దిక్కు తీసేసిన్రు. ఏడాది దాటింది."

నేను ఏదో అనబోయాను.

"అయ్యో అనకు. అందరు అన్నరు, అయిపోయింది. పని చెప్తా విను. మా ఆయన ఇంతవరకు చూడలే. నేను చూపియ్యలే. ఆయన అడగడు, నేను చెప్ప. ఒక ఇంట్లనే ఇద్దరు కిరాయిదార్ల లెక్క ఉంటున్నం."

"మరి నన్నేం చెయ్యమంటవ్?"

"ముందుగాల మట్టిల చూడనీ. చూసి మొహం తిప్పుకుంటే మట్టికైతే నొప్పి కాదు గద."

రెండు షరతులు పెట్టింది. ఒకటి, ఎవరికీ చెప్పొద్దు, సత్తయ్యకు కూడా. రెండోది, ఒక్కసారే కూర్చుంటుంది. "మళ్ల కూసోమంటే రాను. ఒక్కపాలి విప్పేతందుకే ఏడాది పట్టింది నాకు."

అచ్చు తీయడానికి వాడేది ప్లాస్టర్ బ్యాండేజ్. విరిగిన కాలికి దవాఖానాలో కట్టేదే. ఒంటికి వాజిలిన్ రాసి, తడిపిన పట్టీలు పొరలు పొరలుగా పరుస్తాం. అది గట్టిపడ్డాక చిప్పలా ఊడివస్తుంది. ఆ చిప్పలో మట్టి అదిమితే ఒంటి మీది ప్రతి గీతా మట్టిలోకి దిగుతుంది. పట్టీలు పరుస్తుంటే షమీమ్ వణికింది. నీళ్లు చల్లగా ఉన్నాయా అంటే కాదంది. తర్వాత తనే నవ్వింది. "ఊరందరి కొలతలు తీస్త నేను. ఒక్కామెకు కూడా రెండు దిక్కులు సమానం ఉండయక్కా. ఎవ్వరికీ చెప్ప, కుట్టుల సర్దుత. నాదే సర్దరాకుండైంది."

అచ్చు బాగా వచ్చింది. చంక కింద నుంచి రొమ్ము ఎముక దాకా కుట్టు గీత, దాని పక్కన చర్మం ముడుచుకున్న చోటు, అన్నీ పడ్డాయి. మట్టి బయటికి తీసేటప్పుడు చిప్ప ముక్కలైంది. ఇలాంటి అచ్చుకు అది మామూలే. అంటే ఇక ఆ మట్టిబొమ్మ తప్ప ఇంకొకటి లేదు.

మర్నాడు రంగు పొడులు కొనడానికి ఖమ్మం పోయాను. బొమ్మ మీద ప్లాస్టిక్ కవరు కప్పి పోయాను. మట్టి అప్పుడు లెదర్ హార్డ్, అంటే తోలులాగా, ఆరీ ఆరకుండా ఉంది. కాల్చకముందు ఒకసారి చూస్తానని, ఆ సాయంత్రం వస్తానని షమీమ్ చెప్పింది. నేను బస్సు దిగేసరికి షెడ్డు గుమ్మంలో సత్తయ్య మామ మీసం తిప్పుతూ నిలబడి ఉన్నాడు.

"బిడ్డా, నీ బొమ్మకు ఒక దిక్కు ఊడిపోయింది. నువ్వు చూస్కోలే. నేను సరిచేసిన."

బల్ల మీద బొమ్మకు రెండు రొమ్ములు ఉన్నాయి. ఎడమది కుడిదానికన్నా గుండ్రంగా, కుండ అడుగులా నున్నగా మెరుస్తోంది.

ఆయన్ను తప్పు పట్టలేం. వేళ్లు లేని చేతులు రోజూ చూస్తాడు. అలాంటి ఛాతీ ఎన్నడూ చూడలేదు. అచ్చులో నుంచి తీస్తుంటే ఊడిందనుకున్నాడు. ఊడిన చోట మట్టి పెట్టడం వాళ్ల తాతల నాటి నుంచి వచ్చిన పని. నేను బల్ల దగ్గరికి నడిచాను. అంతలో వెనక చెప్పుల చప్పుడు. షమీమ్.

బొమ్మను కాసేపు చూసింది. "ఈమె ఎవరక్కా?" అంది.

ఆమె కవరు అంచు పట్టుకుని మెల్లగా బొమ్మ మీదికి లాగబోయింది. "ఇగ వద్దులే. నేను మళ్ల కూసోను."

సత్తయ్య మామ ఆమెను చూశాడు, బొమ్మను చూశాడు. ఆయనకు అర్థమైపోయింది. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "నీదా తల్లీ?"

"అవ్, నాదే."

ఆ మట్టి కోసి తీసేయొచ్చు. కానీ దాని కింద కుట్టు గీత నలిగిపోయి ఉంటే మళ్లీ నేనే గీయాలి. ఎలుగుబంటి చలి కాచుకున్నట్టు కల్పించమంటే కల్పిస్తాను. ఆమె ఒంటి మీది కుట్టును కల్పించలేను.

"మామా, అతికేటప్పుడు లోపల గీతలు పెట్టినవా? నీళ్లు రాసినవా?" అని అడిగాను. మట్టికి మట్టి అతకాలంటే రెండు వైపులా గీరి తడపాలి. అలా చేసి ఉంటే కింద ఏమీ మిగలదు.

ఆయన కళ్లు మూసుకుని చేతులు గాల్లో ఆడించాడు, పని మళ్లీ చేస్తున్నట్టు. "లే. విడిగ చేసిన. రాయి మీద పెట్టి చెక్కతో కొట్టి, గిన్నె లెక్క చేసిన. తెచ్చి మీద బోర్లించిన. అంచుకు తడి వేలు రాసిన, అంతే." అంతలో కళ్లు తెరిచాడు. "బూడిద! రాయికి అంటుకోవద్దని బూడిద చల్లిన బిడ్డా. లోపల అంతా బూడిదే!"

కుండ కొట్టే ప్రతి కుమ్మరీ బూడిద చల్లుతాడు. చల్లుతున్నానని కూడా అనుకోడు. చెయ్యే చల్లుతుంది. రాయికి అంటనిది కింది గీతకూ అంటి ఉండదు.

సన్నని తీగ తీసుకుని అంచు చుట్టూ కోశాను. నా చెయ్యి తొందరపడుతుంటే షమీమ్ నా మణికట్టు పట్టుకుంది. "జల్దీ జెయ్యకు," అంది. తీగ చుట్టు తిరిగి వచ్చింది. సత్తయ్య మామ రెండు అరచేతులతో ఆ గిన్నెను పట్టుకుని ఎత్తాడు. కుండ మీది మూతలా వచ్చేసింది. కింద పలచటి బూడిద. నేను మెత్తని కుంచెతో దులిపాను. కుట్టు గీత, ముడుచుకున్న చర్మం, అన్నీ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

ముగ్గురం ఒక్కసారే ఊపిరి వదిలాం. షమీమ్ వేలితో ఆ గీత వెంట చివరిదాకా వెళ్లింది. "ఈమెను గుర్తుపట్టిన," అంది.

గిన్నె అంచు ఆనిన చోట గుండ్రని మచ్చ ఉండిపోయింది. సత్తయ్య మామ తడి గుడ్డ చేతిలోకి తీసుకున్నాడు కానీ ముట్టుకోలేదు. "ఇది చెరుపనా తల్లీ, ఉంచనా?"

"చెరుపు బాబాయ్. అది నాది కాదు."

బొమ్మ బట్టీలో పగలకుండా కాలింది. వారం తిరగకుండానే షమీమ్ భర్త యాకూబ్‌ను తీసుకొచ్చింది. ఆయన చెప్పుల దుకాణం నడుపుతాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆమె గుమ్మం బయటే ఉండిపోయి, రోడ్డు వైపు తిరిగి నిలబడింది. నేనూ మామా బట్టీ వెనక్కి పోయి, లేని పని చేస్తూ ఉన్నాం.

యాకూబ్ బొమ్మ ముందు నిలబడ్డాడు. మొహం తిప్పుకోలేదు. తర్వాత ఆ గీత మీద అరచెయ్యి ఆనించి, బొమ్మ వైపు కాదు, గుమ్మం వైపు చూసి అడిగాడు.

"షమీమ్, ఇక్కడ ఇంకా నొప్పి లేస్తదా?"

బయటి నుంచి జవాబు వచ్చింది. "చలికి గుంజుతది."

"చెప్పకపోతివి మరి?"

"అడగకపోతివి మరి?"

ఆమె లోపలికి వచ్చింది. మేము షెడ్డు వెనక నుంచి బయటికి పోయి చాలాసేపు టేకు ఆకులు ఏరాం. ఎందుకు ఏరామో ఇప్పటికీ తెలియదు. పోయేటప్పుడు ఆటోలో బొమ్మ యాకూబ్ ఒళ్లో ఉంది. డ్రైవర్‌తో గుంతలు చూసి నడపమంటున్నాడు.

ఆ బొమ్మ నాకు నేర్పింది చిన్న విషయం. లోపం కనబడగానే చెయ్యి ముందుకు పోతుంది, అది కుమ్మరి చెయ్యయినా, నాదయినా. ఆ చెయ్యిని ఆపి అడగాలి. సత్తయ్య మామ ఆ పాఠం నాకన్నా గట్టిగా పట్టుకున్నాడు. మొన్న పిల్లి దూకి కూజా ఒకటి కిందపడి పెంకులు పెంకులైంది. ఆయన చీపురు పట్టుకుని దాని ముందు నిలబడి నన్ను పిలిచాడు.

"బిడ్డా, ఇది పలిగిందా, ఇట్లనేనా?"

"పలిగింది మామా, ఊడ్చెయ్," అన్నాను. కానీ అడిగినందుకు ముందు ఛాయ్ పోసి ఇచ్చాను.