జనరల్‌గారి ఫోటోకు వేసిన దండ

నిన్న ఇక్కడ, ఈ అరబ్బు దేశంలో, అల్ ముంతజా బజారులో పూల కోసం ఆగాను. ఆ కొట్టు నడిపేది కరీంనగర్ సాయిబు. ఊరి నుంచి విమానంలో వచ్చిన మల్లెలూ చామంతులూ తడిగుడ్డ కింద పెట్టుకుని అమ్ముతుంటాడు. చామంతి దండ ఒకటి ఇమ్మంటే, "దేవునికా అన్నా, ఫోటోకా? ఫోటోకైతే జర పొడుగు గావాలె" అన్నాడు. దేవుడికేనన్నాను. కానీ దండ పట్టుకుని కారెక్కాక బండి తియ్యబుద్ధి కాలేదు. లోపల ఎండకు ఉడికిపోతున్నా ఏసీ వేసుకోవాలని తోచలేదు. ఆ ఒక్క ప్రశ్న నన్ను ఎప్పటిదో ఒక ఫోటో దగ్గరికి, ఆ ఫోటోలోని మనిషి కూతురైన ముసలావిడ దగ్గరికి ఈడ్చుకుపోయింది.

అప్పట్లో నేను మదీనత్ ఖలీఫాలో ఒక విల్లాకు హౌస్ డ్రైవర్ని. సార్ గ్యాస్ కంపెనీలో ఇంజనీరు, లిథువేనియా మనిషి. అలాంటి దేశం ఒకటుందని ఆయన ఇంట్లో చేరాకే నాకు తెలిసింది. ఫోన్లో చెబితే మా ఆడమనిషి, "అది దుబాయ్ పక్కన ఉండాదా?" అని అడిగింది. ఎనభై దాటిన సార్ వాళ్ళమ్మ కూడా ఆ ఇంట్లోనే ఉండేది. ఎదురుగా మేడమ్ అనేవాణ్ణి గానీ, మనసులో నాకు ఆమె అవ్వే. అవ్వకు కాలు ఒకచోట నిలిచేది కాదు. టీ నిలబడే తాగేది, రొట్టె నడుస్తూనే తినేది. అరబ్బీలో 'యల్లా', అంటే 'పద పద', అన్న ఒక్క మాట మాత్రం మహా శ్రద్ధగా నేర్చుకుంది. ఆ మాట వినబడితే నేను తింటున్న ముద్ద వదిలేసి బండి తియ్యాలి. సముద్రం చూద్దామనేది, తీరా సముద్రం కనబడగానే వెనక్కి తిప్పమనేది. అల్ తుమామాలో పార్కుకు తీసుకుపోతే గేటు దగ్గర దిగి, అటూ ఇటూ చూసి, ఏదో పొయ్యి మీద పెట్టి మరిచిపోయినదానిలా గబగబా మళ్ళీ ఎక్కేది. నాది రోజంతా కూర్చునే డ్యూటీ, ఆమెది రోజంతా లేచే డ్యూటీ. ఆమె కంగారు చూసీ చూసీ చివరికి నాకు కూడా సిగ్నల్ దగ్గర నిలకడ లేకుండా పోయింది.

హాల్లో గోడకు అవ్వ వాళ్ళ నాన్న ఫోటో ఉండేది. మిలిటరీ దుస్తులు, ఛాతీ మీద పతకాలు, పైకి దువ్విన మీసం. ఈయన ఎవరు మేడమ్ అని ఒకరోజు అడిగాను. అంతే, నన్ను భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, తను నిలబడి, యుద్ధం మొత్తం బల్ల మీద పరిచింది. ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే. ఇక్కడ మన మాటల్లో రాస్తున్నాను.

ఆయన రైతు బిడ్డ. రష్యా జార్ సైన్యంలో ఆఫీసరై, మొదటి ప్రపంచ యుద్ధంలో వాళ్ళ తరఫునే కొట్లాడాడు. జార్ కూలిపోయాక లిథువేనియా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది గానీ, దాన్ని కాపాడుకోవడానికి సైన్యమంటూ ఏమీ లేదు. ఈయన ఊళ్ళు తిరిగి కుర్రాళ్ళను పోగు చేశాడు. చెక్క చెప్పులతో వచ్చినవాళ్ళు కొందరు, తాత వేట తుపాకీ పట్టుకుని వచ్చినవాళ్ళు కొందరు. "యూనిఫారం లేదు. చేతికి గుడ్డ కట్టుకుంటే వాడు మనవాడు" అంది అవ్వ. తూర్పు నుంచి రష్యా బోల్షెవిక్కులు, అంటే ఉప్పు సీసా. ఉత్తరం నుంచి దోచుకుంటూ దిగిన జర్మన్ల కిరాయి దండు, అంటే ఖర్జూరాల డబ్బా. దక్షిణం నుంచి పోలండ్ వాళ్ళు, అంటే చక్కెర గిన్నె. నా కరక్ చాయ్ కప్పేమో రాజధాని. జనరల్‌గారు ఉప్పు సీసాను తోసేశాడు, ఖర్జూరాల డబ్బాను బల్ల అంచు దాకా తరిమాడు. ఆ తర్వాత చక్కెర గిన్నె వచ్చి కప్పును ఆక్రమించింది. "రాజధాని పోయింది" అంటూ అవ్వ కళ్ళు తుడుచుకుని కప్పు తీసుకుపోయి సింకులో పెట్టేసింది. నేనింకా సగం కూడా తాగలేదు.

యుద్ధం అయ్యాక ఆయనను జనరల్‌ను చేశారు. అయితే కూర్చుని సంతకాలు పెట్టే మనిషి కాదాయన. పైవాళ్ళతో పడక, పొలానికి వెళ్ళి తేనెటీగలు పెంచుకున్నాడు. అవ్వ పుట్టింది అక్కడే. ఆమెకు ఏడేళ్ళప్పుడు, రష్యా మళ్ళీ ఆ దేశాన్ని మింగినప్పుడు, సైనికులు వచ్చి ఆయన్ను సైబీరియా రైలెక్కించారు. వెళుతూ "ఇప్పుడే వస్తా" అన్నాడట. ఆ తర్వాత కబురు లేదు.

నేను చేరిన ఏడాదే ఆమె దేశం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. జనరల్‌గారికి ఆయన సైనికుల పక్కనే సమాధి కడతామని, శరీరం దొరకలేదు గనక ఆయన పొలం మట్టి పెట్టి గౌరవ వందనం చేస్తామని అక్కడి ప్రభుత్వంవాళ్ళన్నారు. బతికున్న బిడ్డ ఈమె ఒక్కతే కాబట్టి ఈమె ఊ అనాలి. అవ్వ ఊ అనదు, ఊహూ అనదు, యల్లా అంటుంది. ఇంకొన్నాళ్ళు చూసి వాళ్ళు వదిలేస్తారని సార్ బతిమాలి బతిమాలి అలిసిపోయాడు. ఆ సమాధి ఈ తరంలో లేకపోతే ఇంకెప్పటికీ లేనట్టేనని ఆయన దిగులు.

అంతలో వాళ్ళ స్వాతంత్ర్య దినం వచ్చింది. ఆగస్టు పదిహేనున మా బడిలో నాయకుల పటాలకు దండలు వేసేవాళ్ళం. ఆ అలవాటుకొద్దీ నేనూ ఒక చామంతి దండ తెచ్చి జనరల్‌గారికి వేసి, అద్దం మీద కుంకుమ బొట్టు కూడా పెట్టాను. అవ్వ చప్పట్లు కొట్టింది. ఫోటోలు తీసుకుంది. తర్వాత గబగబా లోపలికి పోయి తన పెళ్ళి ఫోటో, సార్ చదువుకునే రోజుల ఫోటో పట్టుకొచ్చింది.

"వీటికి కూడా రెండు దండలు తెచ్చిపెట్టు."

"వద్దు మేడమ్, వద్దు! బతికుండేవోళ్ళ ఫోటోకు ఎయ్యగూడదు. పోయినోళ్ళకే ఏస్తాం" అనేశాను.

అవ్వ కదల్లేదు. ఆమె కదలకుండా ఉండటం నేను అదే మొదటిసారి చూడటం.

"మా నాన్న పోయాడని నీకెవరు చెప్పారు?"

ఆయన ఉంటే నూట ఇరవై దాటి ఉంటాయని లెక్క చెప్పనా? దండ తియ్యబోయాను. ఆగమన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"శరీరం దొరక్కపోతే మీరేం చేస్తారు?" అని అడిగింది.

మా చిన్నాన్న సంగతి చెప్పాను. లారీ క్లీనరుగా బొంబాయికి పోయినవాడు మళ్ళీ రాలేదు. పన్నెండేళ్ళు చూశారు. చూసి, దర్భలతో మనిషంత బొమ్మ చేసి, మా ఊరి చెయ్యేటి ఒడ్డున దానికే తలకొరివి పెట్టారు. అన్నేళ్ళూ మా పిన్నమ్మ రాత్రిళ్ళు తలుపు గడె పెట్టుకోలేదు, ఆయన వస్తే తట్టాల్సి వస్తుందని. కర్మ అయిన రోజు ఆమె మా అమ్మతో, "ఇంగ గడె ఏసుకోని పండుకుంటా అక్కా" అంది.

"వేసుకుందా?"

"ఏసుకున్యాది మేడమ్."

అవ్వ తర్వాత సార్‌కు ఫోన్ చేసి వాళ్ళ భాషలో ఒకే ఒక్క ముక్క చెప్పింది. సాయంత్రం ఇంటికొచ్చిన సార్ నన్ను గట్టిగా కావలించుకున్నాడు. అలా చెయ్యడం ఆ దేశస్థులకు అలవాటు లేని పని.

సమాధి రోజున సార్ అక్కడి నుంచి వీడియో కాల్ చేశాడు. చెట్ల ఆకులన్నీ పసుపురంగుకు తిరిగి ఉన్నాయి. నల్లకోటులో అవ్వ చిన్నగా కనబడింది. తుపాకులు పేల్చారట, బ్యాండు వాయించారట. ఆమె అదేదీ చెప్పలేదు.

"ఇంటికి పెద్దవాళ్ళెవరో వాళ్ళు ముందు మట్టి వెయ్యమన్నాడు చర్చి ఫాదర్. ఎవరొస్తారా అని నేను వెనక్కి తిరిగి చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు" అంది.

ఏళ్ళు గడవడం వేరు, గడిచాయని ఒప్పుకోవడం వేరు; ఇప్పుడే వస్తానన్న నాన్న కోసం ఏడేళ్ళ పిల్లగానే ఉండిపోయిన అవ్వ, ఆ పిడికెడు మట్టి వేసేసరికి, ముసలిదైంది.