ఉప్పునీళ్ల తొట్టి దగ్గర మా మేస్త్రి

సిరిసిల్ల నుంచి వదిన ఫోన్ చేసింది. "మీ అన్న పోయిండు తమ్మీ. పొద్దుగాల చాయ్ అడిగిండు. నేను తెచ్చేసరికే లేడు." కోరుట్ల బస్టాండులో సిరిసిల్ల బస్సు ఎక్కాను.

ఆయన నా సొంత అన్న కాదు. గల్ఫ్‌లో మా షెడ్డు మేస్త్రి. సాంచాల మీద బట్ట నేసిన మనిషి, ఆ మరమగ్గాలు ఆగిపోయాక గల్ఫ్‌కు వచ్చాడు. నేను పొలం ఎండిపోయి వెళ్లాను. పాత ఫోన్ల, లాప్‌టాప్‌ల బ్యాటరీలు కోసి, లోపలి అల్యూమినియం రేకుకు అంటిన నల్లపొడి గీకి తీయడం మా పని. ఆ పొడిలోని కోబాల్ట్, నికెల్ మళ్లీ కొత్త బ్యాటరీలకు పోతాయి. చుట్టలా ఉన్న ఆ రేకును అన్న ఎక్కడా చిరగకుండా విప్పేవాడు, బట్ట తాను విప్పినట్టు.

కోసే ముందు బ్యాటరీలను ఉప్పునీళ్లలో నానబెట్టాలి. లోపల మిగిలిన కరెంటు పోకపోతే చేతుల్లోనే అంటుకుంటాయి. నేను తొందరపడితే, "సచ్చినట్టే కనవడుతది, నమ్మకు" అంటూ నా చేతిలోది లాక్కుని తొట్టిలో వేసేవాడు.

మా పాస్‌పోర్టులు మేనేజర్ బీరువాలో ఉండేవి. సొంతూరు వీర్నపల్లిలో తల్లి చనిపోయిందని తెలిసి అన్న సెలవు అడిగాడు. నానబెట్టడం మానేసి పని జల్దీ చేయిస్తే పాస్‌పోర్టు ఇస్తానన్నాడు మేనేజర్. అన్న మా వైపు చూశాడు. "ఒప్పుకొని పో అన్నా" అని ఒక్కరమూ అనలేకపోయాం. ఒప్పుకుంటే కాలేది మా చేతులే.

"అవ్వ ఎట్లైన పాయె. మీరు సల్లగుండాలె" అని, బస్తా ఎత్తి తొట్టిలో ఉప్పు పోశాడు.

ఆ తర్వాత రెండేళ్లు మేనేజర్ ఆయన్ని ఊరికి కదలనివ్వలేదు. అన్న తల్లి మాట మళ్లీ ఎత్తలేదు. శుక్రవారం సెలవునాడు మాత్రం గోడవైపు తిరిగి పడుకునేవాడు, అన్నానికి పిలిచినా లేచేవాడు కాదు. చివరికి షెడ్డే మూతపడి అందరినీ ఇంటికి పంపేశారు. అప్పటికే ఆయనకు దగ్గు పట్టుకుంది. మగ్గాల నూలు నూగు వల్లనో నల్లపొడి వల్లనో డాక్టర్ తేల్చలేదు.

నా చేతులు రెండూ బాగున్నాయంటే ఆయన వల్లే. బతికుండగా ఆ మాట ఆయనతో అనలేదు.

"గల్ఫ్‌ల కెల్లి అచ్చినకాన్నుంచి మీ అన్న తలుపు ఏయనియ్యలే తమ్మీ, చలికాలం గూడ" అంది వదిన. దహనం అయ్యాక ఆ సాయంత్రం కూడా వాళ్లింటి తలుపు బార్లా తెరిచే ఉంది. వీధిగాలి నేరుగా లోపలికి కొడుతోంది. వదిన లేచి తలుపు మూయలేదు. ఫొటో ముందు దీపానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కూర్చుంది.