అమ్మమ్మ పాటలో నాలుగో చరణం

ఈస్టర్ సెలవుల్లో హాయిగా నిద్రపోదామనుకుంటే, అమ్మమ్మ నన్ను నందిగామలో క్రైస్తవ సంగీతోత్సవానికి లాక్కెళ్లింది. సరిగ్గా స్పీకర్ల ముందు కూర్చోబెట్టింది. పెద్ద తెర మీద పాట పడగానే ఆమె పాత పాటల పుస్తకం గుర్తొచ్చింది. న్యూస్‌పేపర్ అట్ట, కొబ్బరినూనె మరకలు, ఊడిపోయే పేజీలు. మీ ఇళ్లలోనూ ఉండేది కదా?

అమ్మమ్మకు చదువు రాదు. నా చిన్నప్పుడు సాయంత్రం ప్రార్థనలో ఒక్కో లైనూ నేను చదివి అందిస్తే ఆమె పాడేది. అది అయితేగానీ వీధి చివర బజ్జీల బండి దగ్గరికి పంపేది కాదు. అందుకే ఆమెకిష్టమైన పాటలో నాలుగో చరణం ఎగరగొట్టి ఐదోది చదివేసేదాన్ని.

"తర్వాత చరణం అందించవే," అంది అమ్మమ్మ, ఇప్పుడు తెర చూపిస్తూ.

"ఈ కొత్త పాటకి చరణాల్లేవమ్మమ్మా. మళ్లీ ఇదే లైను."

"ఇన్నిసార్లా! దేవుడికేమన్నా చెవుడా?"

పాడదామని మూడు రోజులుగా ఎదురుచూసిన మనిషి మొహం చిన్నబోయింది. నాకు తలనొప్పి. ఇద్దరం ఇంటికని జగ్గయ్యపేట ఆటో ఎక్కేశాం.

"మన పాటన్నా అందించు," అంది.

పుస్తకం లేకుండానే నోటికొచ్చేసింది. మూడో చరణం అవగానే ఐదోది ఎత్తుకున్నాను.

"ఆగు. నాలుగోదేదీ? చర్చిలో ఎన్నిసార్లు వినలేదు! చిన్నప్పుడూ ఇంతే, బజ్జీల కోసం మింగేసేదానివి."

"తెలిసే ఊరుకున్నావా?"

"ఆకలేసిన పిల్లవని. ఇప్పుడేం తొందర? పాడు."

ఎప్పుడూ చదవని చరణం నాకెలా వస్తుంది? దారిలో చిల్లకల్లు దాటేదాకా ఒక్కో లైనూ అమ్మమ్మే నాకు అందించింది.