ఉలికి పెద్దమ్మ, పిట్ట కాళ్లు

మా పెద్దమ్మకు ఇంట్లో పెట్టిన పేరు ఉలికి. కాలింగ్ బెల్ మోగినా, పక్క గదిలో ఎవరైనా తుమ్మినా గుండె పట్టుకునేది. లిఫ్ట్ మధ్యలో ఆగిపోతుందని నాలుగంతస్తులూ ఆయాసపడుతూ మెట్లే ఎక్కేది. పొయ్యి వెలిగించడానికి అంత దూరాన నిలబడి చెయ్యి చాపే మనిషిని ఆటపట్టించకుండా ఉండటం ఎవరి తరం?

అలాంటి మనిషి చేతుల్లో పెట్టారు పిట్టను. పిట్ట ఆమె కూతురి కూతురు, ఐదేళ్లది. పుట్టినప్పటి నుంచీ సెరిబ్రల్ పాల్సీ. మాటలు రావు గానీ అన్నీ అర్థమవుతాయి, కళ్లతోనే ఇంటిని ఏలుతుంది. కాళ్లు మాత్రం బిగుసుకుపోయి ఒకదాని మీదికొకటి వస్తాయి. పట్టీలతో, బెల్టులతో ఒంటిని నిటారుగా పట్టి ఉంచే స్టాండులో రోజూ నిలబెట్టమన్నాడు డాక్టరు. కండరాలు ఇలాగే కుంచించుకుపోతే తుంటి ఎముక గూట్లోంచి జారవచ్చని, అప్పుడు ఆపరేషన్ తప్పకపోవచ్చని చెప్పాడు. కూతురు ఉద్యోగానికి వెళ్లాలి. అల్లుడిది ఊళ్లు తిరిగే పని. ఇక మిగిలింది పెద్దమ్మ.

ఆ స్టాండును చూస్తేనే ఆమెకు వణుకు. బెల్టు బిగిస్తే ఎముక పుటుక్కుమంటుందేమోనని భయం, వదులు చేస్తే పిల్ల పడిపోతుందేమోనని భయం. పిట్ట కాళ్లు బిగుసుకోగానే నొప్పి కాబోలనుకుని దించేసేది. ఫిజియోథెరపీ అమ్మాయి అది కనిపెట్టింది.

"అమ్మమ్మగారూ, మీరు ఉలిక్కిపడితే పాప ఇంకా బిగుసుకుపోతుంది. అప్పుడు కాళ్లు లాగొద్దు. తల కాస్త ముందుకు వంచి, మెల్లగా మాట్లాడుతూ ఆగండి."

ఆ మాట విన్నాక పెద్దమ్మ భయం రెట్టింపయింది. ఇప్పుడు తన భయానికి కూడా భయపడాల్సి వచ్చింది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరే ఉన్నారు. మిక్సీ తిరుగుతుండగా కరెంటు పోయింది. స్విచ్ ఆపడం మరిచిపోయి, పెద్దమ్మ పిట్టను స్టాండులోకి ఎక్కించింది. మోకాళ్ల పట్టీలు బిగించి, నడుము బెల్టు అందుకుంటుండగా కరెంటు వచ్చింది. మిక్సీ ఒక్కసారిగా హోరెత్తింది. పెద్దమ్మ కెవ్వుమంది. పిట్ట ఒళ్లంతా విల్లులా వెనక్కి వంగిపోయింది.

పెద్దమ్మ వెనక నుంచి వాటేసుకుని తన ఒళ్లు అడ్డుపెట్టింది. వదిలితే పిల్ల వెనక్కి పడుతుంది, మోకాళ్లు మాత్రం పట్టీల్లోనే ఉంటాయి. ఆ తర్వాత ఏమవుతుందో ఊహించడానికే ఆమెకు ప్రాణం పోయినంత పనైంది. పట్టీలు విప్పుదామంటే చెయ్యి అందదు. మిక్సీ ఆపే దిక్కు లేదు. తన గుండె పిట్ట వీపుకు దడదడ తగులుతోంది, పిల్ల ఇంకా బిగుసుకుంటోంది. తన భయమే దాని కాళ్లలోకి దిగుతోందని ఆమెకు అర్థమైంది.

గడ్డంతో పిట్ట తలను మెల్లగా ముందుకు వంచి, చెవిలో మొదలుపెట్టింది.

"ఆ మిక్సీకి పనీపాటా లేదే. అరిచి అరిచి దాని గొంతే పోతుంది, మనకేంటి? మనం దర్జాగా నిలబడ్డాం. మీ అమ్మమ్మ ఎంత ధైర్యస్తురాలో ఊరందరికీ తెలుసు."

అంత పెద్ద అబద్ధం మా వంశంలో ఎవరూ ఆడి ఉండరు. గొంతు మాత్రం వణకలేదు. మాడు వాసన వచ్చినా అదే మాట తిప్పి తిప్పి చెప్పింది. చివరికి పిట్ట నడుము, ఆ తర్వాత తొడలు మెత్తబడ్డాయి. మడమలు స్టాండు అడుగు పలకకు ఆనాయి. ఒంటి చేత్తో నడుము బెల్టు, ఆపైన ఛాతీ బెల్టు పెట్టింది. అప్పుడు వెళ్లి మిక్సీ ఆపింది.

సాయంత్రం కూతురు వచ్చి, మాడిపోయిన మిక్సీ చూసి, జరిగిందంతా విన్నది.

"బాగా భయపడ్డావా అమ్మా?"

పిట్ట మంచం మీద నుంచి అమ్మమ్మనే చూస్తోంది. పెద్దమ్మ ఇంకా వణుకుతున్న చేతులను కొంగు కింద దాచుకుంది.

"భయమెందుకే నాకు" అంది.