పిడుగురాళ్ల రోడ్డు మీద మార్తమ్మ స్టాప్‌వాచ్

1980ల మధ్యలో నన్ను నరసరావుపేటలో రోడ్ల అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. చేరిన నెలకే పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీల పక్కగా పోయే రోడ్డుకు ట్రాఫిక్ సర్వే అప్పగించారు. ఆ రోడ్డును వెడల్పు చెయ్యాలా వద్దా అన్నది మా లెక్కల మీదే ఆధారపడి ఉంది.

పద్ధతి ఇది. రోడ్డుకు అడ్డంగా అరవై మీటర్ల ఎడంలో రెండు సున్నపు గీతలు గీస్తాం. బండి మొదటి గీత దాటగానే స్టాప్‌వాచ్ నొక్కి, రెండోది దాటగానే ఆపితే వేగం తెలుస్తుంది. గంటకు పోయిన బండ్ల సంఖ్యను సగటు వేగంతో భాగిస్తే సాంద్రత, అంటే కిలోమీటరు పొడవులో ఒకేసారి ఎన్ని బండ్లున్నాయో వస్తుంది. సాంద్రత పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది; రోడ్డు పూర్తిగా కిక్కిరిస్తే సున్నా అవుతుంది. కాలేజీలో మాకు దీన్ని కిందికి దిగే ఒక తిన్నని గీతగా నేర్పారు.

క్వారీల నుంచి రాయి వేసుకొచ్చే లారీల వైపు స్టాప్‌వాచ్ మార్తమ్మది. రోడ్డు గ్యాంగులో రోజుకూలీ, నాకంటే పదేళ్లు పెద్ద, మిషను బడిలో ఏడో తరగతి దాకా చదివింది. ఖాళీ లారీలు ఎదురొచ్చే వైపు లెక్కలు గ్రాఫులో చక్కగా గీత మీద పడ్డాయి. ఆమె వైపువి చిందరవందరగా పడ్డాయి. సాంద్రత ఒకటే అయినా ఒక గంటలో లారీలు బాగానే పరుగెత్తాయి, మరో గంటలో నడకకు దిగాయి. చూడకుండా రాసిందనుకున్నాను. తప్పుడు లెక్కలు రాసినందుకు ఆమెను కూలీల హాజరుపట్టీ అయిన మస్టరు నుంచి తీసెయ్యాలని డిప్యూటీ ఇంజనీరు గారికి నోట్ పెట్టాను. క్వారీలో కాలు విరిగి మంచాన పడ్డ భర్తకూ పిల్లలకూ ఆ కూలీయే ఆధారమని నాకు తెలుసు. అయినా పెట్టాను.

మర్నాడు ఆ సంగతి తెలిసి ఆమె సరాసరి నా దగ్గరికే వచ్చింది.

"నేను రాసింది తప్పని ఎట్టా అన్నావయ్యా? నువ్వు ఒక్క పూటన్నా ఆడ కూసున్నావా?"

లెక్కలు గీతకు కుదరడం లేదన్నాను.

"నీ గీత సంగతి నాకేం తెలుసు? ఎదురు లారీ వస్తంటే లోడు బండోడు ఎట్టా తోల్తాడు? ఈ పక్క మార్జిను జానెడు తెగింది. చక్రం దిగితే బండి పడిపోద్ది. వచ్చి చూడు."

వెళ్లి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. తారు ఒక లారీకి సరిపోయే వెడల్పే. ఎదురుబొదురైతే రెండూ చెరో చక్రం మట్టిలోకి దించాలి. ఏళ్ల తరబడి లోడు లారీలు దిగి దిగి ఆ వైపు మార్జిను మట్టి కోసుకుపోయింది. ఖాళీ లారీ పెద్దగా వేగం తగ్గకుండానే అవతలి పక్క గట్టి మట్టిలోకి పూర్తిగా దిగి తప్పుకునేదాకా లోడు లారీ దాదాపు ఆగిపోతోంది. ఆ సాయంత్రం ఆమె రాసిన వేగాలను ఎదురొచ్చిన బండ్ల సంఖ్యతో జతచేసి మళ్లీ గ్రాఫు గీశాను. చుక్కలన్నీ వరసలో పడ్డాయి. నేను సాంద్రతను ఒక వైపే లెక్కగట్టాను. లారీ డ్రైవరుకు ఆ రోడ్డు రెండు వైపులా కలిపి ఒకటే.

నోట్ వెనక్కి ఇమ్మని అడగడానికి సిగ్గుపడుతూనే వెళ్లాను. డిప్యూటీ ఇంజనీరు గారు గ్రాఫు చూసి, నోట్ నా చేతికిచ్చి, తప్పు నాదని ఆమెతో చెప్పానా అని మాత్రం అడిగారు. లేదన్నాను. ముందు ఆ పని చేసి రమ్మన్నారు.

గ్యాంగు అందరి ముందూ చెప్పాను. మార్తమ్మ, "సరేలే అయ్యా. ఎండ చానా ఉంది, గొడుగు కిందికి రా," అంది.

వెడల్పు పనికి మంజూరు రావడానికి ఏళ్లు పట్టింది. మార్జినుకు గ్రావెల్ మాత్రం ఆ నెలలోనే మరమ్మతుల కింద పోయించారు. తర్వాత తీసిన లెక్కల్లో లోడు లారీల వేగం పెరిగింది.

ఆ తర్వాత సర్వీసంతా ఒక నియమం పాటించాను. గీతకు దూరంగా పడ్డ లెక్కను అనుమానించే ముందు, అది రాసిన మనిషి పక్కన ఒక పూట కూర్చునేవాణ్ణి. ఆ నియమం నేర్పినందుకు మార్తమ్మకూ, సంజాయిషీ అడగకుండా నన్ను ఆమె దగ్గరికి తిప్పి పంపిన ఆ అధికారికీ రుణపడి ఉన్నాను.