అట్టపెట్టెలోంచి పోయిన దారి

దయ్యాలంటే నాకు నవ్వు. మా అమ్మ దిష్టి తీస్తానంటే, ఆ మిరపకాయలు పప్పులో వెయ్యమంటాను. కావలిలో ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే ఆఫీసులో రౌటర్లు చూసుకోవడం నా పని. కరెంటు ఉంటే లైటు వెలుగుతుంది, లేకపోతే లేదు. నాకు తెలిసింది అంతే.

ఆ రోజు నా చిన్ననాటి స్నేహితురాలు రేష్మా నిఖా. బోగోలు అవతల, సముద్రం పక్క ఊరు. వాళ్ల నాన్న మస్తాన్ బాబాయి కువైట్‌లో డ్రైవరు. సెలవు దొరకలేదు. బిడ్డ నిఖా వీడియోలోనైనా చూస్తానన్నాడు. లైను పోకుండా చూసే పూచీ నాదని గొప్పగా చెప్పి, పెళ్లికి పోకుండా ఆఫీసులోనే కూర్చున్నాను. బిర్యానీకి సాయంత్రం పోవచ్చులే అనుకున్నాను.

పెళ్లికొడుకు దిగినాడో లేదో, కాలవ తవ్వే జేసీబీ ఆ ఊరికి పోయే మా ఫైబర్ కేబుల్ తెంపేసింది. మా వాళ్లు బండేసుకుని పరిగెత్తినారు. అతికేసరికి సాయంత్రమే. ఆ ఊళ్లో ఫోన్ సిగ్నల్ మాటలకే చాలీచాలదు, ఇంక వీడియో ఎక్కడ తిరుగుతుంది? ఫోన్లో రేష్మా వాళ్లమ్మ ఏడుస్తోంది. నాకూ ఏడుపొచ్చింది. ఆ జేసీబీ వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టినాను.

ఏ ఊరికి పోయే డేటా ఏ దారిన పోవాలో రౌటర్ దగ్గర ఒక పట్టిక ఉంటుంది. 'షో ఐపీ రూట్' అని కొడితే తెర మీద చూపిస్తుంది. కొట్టినాను. ఆ ఊరికి దారి ఉండకూడదు. ఉంది! ఫైబర్ మీద కాదు, తీగ లేకుండా గాలిలోనే డేటా పంపే మా పాత వైర్‌లెస్ డిష్‌ల మీద.

ఫైబర్ వచ్చినాక ఆ డిష్‌లు నేనే దింపించినాను. ఇక్కడిదీ, ఆ ఊరిదీ, రెండూ నా బల్ల కింద అట్టపెట్టెలో ఉంటాయి. పెట్టె లాగి చూసినాను. రెండూ ఉన్నాయి, దుమ్ము కొట్టుకుపోయి, వైరన్నది లేకుండా. పింగ్ చేసినాను, అంటే ఉన్నావా అని పలకరించడం. డిష్ టక్కున పలికింది. ఓరి నాయనో!

తెలియని దారి కనపడితే తీసెయ్యడం మా పద్ధతి. ఆ కమాండ్ కొట్టేసినాను కూడా, ఎంటర్ నొక్కడమే మిగిలింది. అప్పుడే ఫోన్లో రేష్మా వాళ్లమ్మ అరిచింది: "వచ్చేసినాడే! మీ బాబాయి కనపడతా ఉండాడు!" ఆ వెనకే ఖాజీ గారి గొంతు, కాసేపటికి రేష్మా సన్నగా "కుబూల్" అని పెళ్లికి ఒప్పుకోవడం వినపడింది.

కొట్టింది చెరిపేసి, కీబోర్డు దూరంగా జరిపి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. భయం వెయ్యలేదు. చెప్తే నవ్వుతారు, హాయిగా ఉండింది.

నిఖా చివర దువా చదవడం అయిపోయినాక మళ్లీ చూస్తే పట్టికలో ఆ దారి లేదు. మా వాళ్లు ఫైబర్ అతుకుతూ ఇంకా గుంటలోనే ఉన్నారు. మా సీనియర్ సారుకి చెప్తే, రౌటర్ పాత దారి మరిచిపోకుండా చూపించి ఉంటుందిలే అన్నారు. సరే, చూపించింది. మరి వీడియో దేని మీద పోయింది? ఆయన టీ తాగి వెళ్లిపోయినారు.

సాయంత్రం కువైట్ నుంచి బాబాయి ఫోన్.

"బిడ్డ ముఖం అద్దంలో చూసినట్టు కనపడిందమ్మా. ఏం చేసినావు తల్లీ?"

"నేనేం చెయ్యలేదు బాబాయ్."

వినయం అనుకుని నవ్వినాడు, చల్లగా ఉండమని దీవించినాడు. నిజంగానే నేనేం చెయ్యలేదు. ఎవరు చేసినారో ఈ రోజుకీ నాకు తెలీదు.